కంచుకోట అన్నారు, నిజంగా అంత గట్టిదేనా? యార్క్ సౌత్ కథ

కెనడాలో టొరంటో పాత నగరానికి ఉత్తరంగా, శివారు బస్తీలను కలిపి 1926 ఎన్నికల నాటికి ఏర్పడిన ఒంటారియో రాష్ట్ర శాసనసభ నియోజకవర్గం యార్క్ సౌత్. 1999లో దాన్ని రద్దు చేశారు. ఒకే పార్టీ నుంచి ముగ్గురు అధినేతలను సభకు పంపిన సీటు కాబట్టి అందరూ వామపక్షాల కంచుకోట అంటారు. ఫలితాలు వరసగా చూస్తే ఆ మాట సగమే నిజం.

అప్పటి యార్క్ టౌన్‌షిప్‌లో స్థలాలు చౌక, కట్టడాల నిబంధనలు వదులు. బ్రిటన్ నుంచి వచ్చిన కూలీలు, మేస్త్రీలు ముందు ఒక గది వేసుకుని, చేతిలో డబ్బులు ఆడినప్పుడల్లా ఇంకో గది కలుపుకునేవారు. నీళ్లు, మురుగు కాలువలు తర్వాతెప్పుడో వచ్చాయి.

1942 ఫిబ్రవరిలో ఇదే పేరున్న పార్లమెంటు సీటుకు ఉపఎన్నిక వచ్చింది. కన్సర్వేటివ్ పార్టీకి చెందిన మాజీ ప్రధాని ఆర్థర్ మీగెన్ మీద లిబరల్స్ అభ్యర్థినే పెట్టలేదు. అయినా సీసీఎఫ్ అనే వామపక్ష పార్టీ తరఫున నిలబడ్డ జోసెఫ్ నోస్‌వర్తీ అనే బడిపంతులు ఆయన్ని ఓడించాడు.

మరుసటి ఏడాది అసెంబ్లీ ఎన్నికల్లో సీసీఎఫ్ నేత టెడ్ జాలిఫ్ యార్క్ సౌత్‌లో గెలిచాడు. పార్టీకి 34 సీట్లు, కన్సర్వేటివ్‌లకు 38. నాలుగు సీట్లతో అధికారం చేజారింది. 1945లో పోలింగ్‌కు 11 రోజుల ముందు, ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) జార్జ్ డ్రూ రహస్య పోలీసులతో ప్రతిపక్షంపై నిఘా పెట్టించాడని, అది హిట్లర్ రహస్య పోలీసు దళం గెస్టపో లాంటిదేనని జాలిఫ్ రేడియోలో ఆరోపించాడు. బెడిసికొట్టింది. పార్టీ 8 సీట్లకు పడిపోయింది, జాలిఫ్ తన సీటు కూడా పోగొట్టుకున్నాడు. 1948లో తిరిగి గెలిచి, 1951లో మళ్లీ ఓడాడు. ఇదీ కంచుకోట!

గట్టి పునాది పడింది డొనాల్డ్ మెక్‌డొనాల్డ్‌తో. 1955 నుంచి 1982 దాకా ఆయనే ఎంపీపీ. (అక్కడ ఎమ్మెల్యేని ఎంపీపీ అంటారు, మన మండల ప్రెసిడెంటు అనుకునేరు.) సీసీఎఫ్ కాస్తా ఎన్డీపీ (న్యూ డెమోక్రటిక్ పార్టీ)గా మారినా, తన చేతిలోని పార్టీ నాయకత్వాన్ని 1970లో వదులుకున్నా, సీటు మాత్రం ఆయనదే. కొత్త నేత బాబ్ రే కోసం 1982లో ఆయన రాజీనామా చేసి దారిచ్చాడు.

1985లో లిబరల్స్‌తో ఒప్పందం చేసుకుని, 42 ఏళ్ల కన్సర్వేటివ్ పాలనకు తెర దించినవాళ్లలో రే ఒకడు. అంతటి నేత 1987లో యార్క్ సౌత్‌లో లిబరల్ అభ్యర్థి అలన్ టాంక్స్‌పై 333 ఓట్లతో బతికి బయటపడ్డాడు. మూడేళ్లు తిరిగేసరికి 130లో 74 సీట్లతో ప్రీమియర్ అయ్యాడు.

తర్వాత మాంద్యం. 1993లో ఖర్చు తగ్గించడానికి ప్రభుత్వోద్యోగులకు జీతం లేని సెలవులు పెట్టారు. జనం వాటికి ‘రే డేస్’ అని పేరు పెట్టారు. కార్మిక సంఘాల పార్టీ కార్మికుల జీతం కోస్తే ఇంకేముంది? 1995లో ఎన్డీపీకి మిగిలింది 17 సీట్లు. రే తన సీటు నిలబెట్టుకున్నాడు గానీ, మరుసటి ఏడాది రాజీనామా చేశాడు.

1996 ఉపఎన్నికలో ఎన్డీపీ అభ్యర్థి డేవిడ్ మిల్లర్, తర్వాతి కాలంలో టొరంటో మేయర్ అయినాయన, ఓడిపోయాడు. గెలిచింది పేదలకు ఉచితంగా తిండి సరుకులు అందించే ఫుడ్ బ్యాంకు నడిపిన లిబరల్ జెరార్డ్ కెన్నెడీ. అంటే సీటు మాయం కాకముందే పార్టీ దాన్ని పోగొట్టుకుంది.

అదే ఏడాది కన్సర్వేటివ్ ప్రభుత్వం ‘ఫ్యూయర్ పొలిటీషియన్స్ యాక్ట్’ తెచ్చింది. నాయకుల్ని తగ్గిస్తామని పేరులోనే చెప్పేశారు! 130 సీట్లు 103 అయ్యాయి, సరిహద్దులు పార్లమెంటు నియోజకవర్గాలవే. మన దగ్గర డీలిమిటేషన్ అనగానే ఎన్ని సీట్లు పెరుగుతాయని అడుగుతాం, అక్కడ ఎన్ని పోతాయన్నదే టెన్షన్. యార్క్ నగరం 1998 జనవరి 1న టొరంటోలో కలిసిపోయింది. మరుసటి ఏడాది ఎన్నికల్లో యార్క్ సౌత్ పేరు యార్క్ సౌత్-వెస్టన్‌లో సగమై మిగిలింది.

ఆ కొత్త సీటును ఎన్డీపీ 2018లో గెలుచుకుంది. 2022లో అక్కడ గెలిచింది కన్సర్వేటివ్ ప్రీమియర్ డగ్ ఫోర్డ్ మేనల్లుడు మైకేల్ ఫోర్డ్.