బడికి పుట్టినరోజు ఎప్పుడు?

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. బడి గోడమీద 'మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది గానీ ఎప్పుడు పెట్టారో ఎక్కడా లేదనీ, పుట్టినరోజు చేద్దామంటే తేదీ తెలియడం లేదనీ మీలో నాలుగో తరగతి అమ్మాయి రాసింది.

మీ ఇంట్లో పెరుగు పుట్టినరోజు ఎప్పుడో అమ్మమ్మను అడిగి చూడండి. ఆవిడ నవ్వుతుంది. ఈరోజు పెరుగుకు నిన్నటి పెరుగు తోడు, నిన్నటిదానికి మొన్నటిది తోడు. పాలు ఏ రోజుకారోజు కొత్తవి; కుండ పోయి జాడీ వచ్చింది, జాడీ పోయి స్టీలు గిన్నె వచ్చింది; తోడు మాత్రం పాతదే. మన ఊళ్లలోని ప్రాథమిక పాఠశాల సంగతీ ఇంచుమించు ఇంతే. గోడమీది పేరు గిన్నె పేరు మాత్రమే.

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన ఏలుబడిలో ఎన్ని బడులున్నాయో లెక్క పంపమని జిల్లా కలెక్టర్లకు రాశాడు. కోస్తా జిల్లాలూ రాయలసీమా అప్పుడు మద్రాసు కిందే ఉండేవి. లెక్కలన్నీ కూడితే 12,498 బడులు తేలాయి, అంటే సుమారు వెయ్యిమందికి ఒకటి. వీటిలో చాలావరకు ఊరివాళ్లు తమంతట తాము నడుపుకొన్న వీధిబడులే. ఏ ఇంటి అరుగుమీదనో పిల్లలు కూర్చుని, ఇసుకలో వేలితో ఓనమాలు దిద్ది, చేయి కుదిరిన తరువాత తాటాకు, గంటం పట్టేవారు. పంతులుగారికి సర్కారు జీతం లేదు. తల్లిదండ్రులు ఇచ్చే ధాన్యమూ, చిల్లర డబ్బులూ, దసరాకు పిల్లలు విల్లంబులు పట్టుకుని పద్యాలు పాడుతూ ఇంటింటికీ తిరిగి తెచ్చే సంభావనా ఆయనకు ఆధారం. పిల్లలకు పప్పుబెల్లాలు దక్కేవి కనుక ఆ తిరుగుడు వాళ్లకేమీ కష్టంగా ఉండేది కాదు.

ఒక్క పంతులు అంతమందికి ఎలా చెప్పేవాడంటే, పెద్దపిల్లలు చిన్నపిల్లలచేత దిద్దించేవారు. తోడు పెట్టడమంటే సరిగ్గా ఇదే కదా! మద్రాసులో ఒక అనాథ బాలుర పాఠశాలను చూసుకునే ఆండ్రూ బెల్ అనే ఆయన, మన పిల్లలు ఇసుకలో రాయడం చూసి, తన బడిలోనూ ఇసుక పరిపించాడు. పిల్లలచేతనే పిల్లలకు పాఠాలు చెప్పించాడు. 1797లో లండనులో ఆ సంగతి అచ్చు వేయించాక ఇంగ్లండులో ఎన్నో బడులు ఆ పద్ధతిని పట్టుకున్నాయి.

పాలు మరీ వేడిగా ఉంటే తోడు విరిగిపోతుంది. వీధిబడిలో ఆ వేడి బాగా ఎక్కువే. తప్పు చేసిన పిల్లవాడిని దూలానికి కట్టిన తాడు పట్టుకుని వేలాడమనే కోదండం శిక్ష ఉండేది. అంతకంటే పెద్ద దోషం మరొకటుంది. పొరుగింటివాళ్లు తోడు అడిగితే లేదనకూడదంటారు. కాని ఆ అరుగులమీది తోడు అన్ని ఇళ్లకూ అందలేదు. మన్రో లెక్కలో ఆడపిల్లలు వందకు ముగ్గురు కూడా లేరు. అంటరానివారని ఊరు దూరం పెట్టిన కులాల పిల్లలను చాలాచోట్ల అరుగు ఎక్కనిచ్చేవారే కాదు. 1874లో కందుకూరి వీరేశలింగంగారు ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి పెట్టారన్నా, ఆ తరువాత హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మగారు దళిత బాలబాలికలకు బడులు పెట్టారన్నా, వాళ్లు చేసినది మూసిన తలుపు దగ్గరికి ఆ చెంచాడు తోడు చేర్చడమే. పాత బడి గొప్పది అని ఎవరైనా మీతో అంటే వినండి, కాని అందులో ఎవరెవరు కూర్చునేవారో కూడా అడగండి.

గిన్నెల మాటకు వస్తే, 1884 చట్టంతో జిల్లా బోర్డులూ తాలూకా బోర్డులూ ఏర్పడి అనేక ఊళ్ల బడులు వాటి చేతిలోకి వెళ్లాయి; అందుకే వృద్ధులు ఇప్పటికీ 'బోర్డు స్కూలు' అంటారు. 1959లో పంచాయతీ సమితులు వచ్చాయి, 1986 చట్టంతో మండల పరిషత్తులు వచ్చాయి. నిజాం ఏలుబడిలో ఉన్న తెలంగాణలో కథ వేరు. సర్కారు బడిలో ఉర్దూకే పెద్దపీట, తెలుగు చెప్పే ప్రైవేటు బడి పెట్టాలంటే అనుమతి తెచ్చుకోవలసి వచ్చేది.

నేను చదివింది సమితి బడిలో. ఒకటే గది, ఐదు తరగతులు, ఒకరే పంతులుగారు. బొగ్గు నూరి దొండాకు పసరులో కలిపి నల్లబల్లకు పూయడం మా పని. నన్ను చేర్చుకునే రోజున పంతులుగారు కుడిచేయి తలమీదుగా తిప్పి ఎడమచెవి పట్టుకోమన్నారు. అందింది కనుక ఐదేళ్లు నిండాయని తేల్చి, జూలై 1 అని రాసుకున్నారు. నేను వరికోతల రోజుల్లో పుట్టానని మా అమ్మ చెప్పేది. అయినా నా కాగితాలన్నింటిలో ఈనాటికీ జూలై ఒకటే ఉంది. ఇలా బడి తేదీ ఇచ్చినవాళ్లు మా తరంలో ఎందరో ఉన్నారు. ఆ బడి తేదీ మాత్రం ఏ కాగితంలోనూ నాకు కనబడలేదు.

పదేళ్లలోగా పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ ఉచితంగా, నిర్బంధంగా చదువు అందించే ప్రయత్నం చేయాలని 1950లోనే రాజ్యాంగం చెప్పింది. ఆ మాటకు చట్టం బలం వచ్చి, చదువు హక్కు అయి అమలులోకి వచ్చినది 2010 ఏప్రిల్ 1న. మీరు బడికి వెళ్లడం ఎవరో దయతలచి ఇచ్చినది కాదని గుర్తుంచుకోండి, సెలవు చీటీ రాసేటప్పుడు మరీను.

ఇక మీరు చేయవలసిన పని ఒకటుంది. హెడ్మాస్టరుగారిని అడిగి, బీరువాలోని అన్నిటికంటే పాత అడ్మిషన్ రిజిస్టరు చూపించమనండి. కాగితం పెళుసుగా ఉంటుంది కనుక పేజీలు వారినే తిప్పనివ్వండి. మీరు చేతులు వెనక్కు కట్టుకుని చూడండి. తండ్రి వృత్తి రాసిన గడి ఉంటే పై నుంచి కిందికి చదవండి. జూలై 1న పుట్టినవాళ్లు ఎందరున్నారో లెక్కపెట్టండి. మొదటి ఆడపిల్ల పేరు ఏ సంవత్సరంలో వచ్చిందో, ఆమె ఎన్నో తరగతిలో బడి మానిందో నాకు రాయండి.

మీ తాతయ్య