సియాటిల్ బ్యాండ్లు: కలిసి మొదలై తలో దారి పట్టిన కథ

మ్యాట్ కామెరాన్ 27 ఏళ్లు వాయించాక 2025 జులైలో అమెరికన్ రాక్ బ్యాండ్ పెర్ల్ జామ్ నుంచి తప్పుకున్నాడు. పైకి చూస్తే మామూలు వార్తే. కానీ ఈ డ్రమ్మర్‌కి పుట్టిల్లు పెర్ల్ జామ్ కాదు, అదే సియాటిల్ నగరంలోని ఇంకో రాక్ బ్యాండ్ సౌండ్‌గార్డెన్. ఆ బ్యాండ్ 1997లో విడిపోతే మరుసటి ఏడాది పెర్ల్ జామ్‌లో చేరాడు. 2010లో సౌండ్‌గార్డెన్ మళ్లీ కలిసినప్పుడు రెండుచోట్లా వాయించాడు. 2014లో పెర్ల్ జామ్ పనుల వల్ల అతనికి కుదరకపోతే సౌండ్‌గార్డెన్ టూర్‌కి మ్యాట్ చాంబర్లిన్ వెళ్లాడు. ఈ చాంబర్లిన్ కూడా 1991లో కొద్దిరోజులు పెర్ల్ జామ్ డ్రమ్మరే! అమెరికాలో కోట్ల డాలర్లు తిరిగే బ్యాండ్ల మధ్య మనుషులు ఇంత తేలిగ్గా అటూ ఇటూ తిరగడం ఎలా కుదిరిందో తెలియాలంటే 1986కి వెళ్లాలి.

ఆ ఏడాది సియాటిల్‌లో ‘డీప్ సిక్స్’ అనే రికార్డు వచ్చింది. ఆరు బ్యాండ్లు దానికి పాటలు ఇచ్చాయి. వాటిలో సౌండ్‌గార్డెన్, మెల్విన్స్, గ్రీన్ రివర్ ఉన్నాయి. ఆండ్రూ వుడ్ పాడే మాల్‌ఫంక్షన్ ఉంది. స్కిన్ యార్డ్ కూడా ఉంది. సౌండ్‌గార్డెన్‌లోకి రాకముందు అందులో డ్రమ్స్ కొట్టింది ఈ కామెరానే. అప్పటికి ఎవరి దగ్గరా డబ్బు లేదు, పేరు లేదు. ఒకరి షోకి ఇంకొకరే ప్రేక్షకులు.

మొదటి చీలిక గ్రీన్ రివర్‌లో వచ్చింది. 1987 అక్టోబరులో లాస్ ఏంజెలిస్‌లో షో. గెస్ట్ లిస్టులో ఎవరి పేర్లుండాలన్న దగ్గర గొడవ మొదలైంది. గాయకుడు మార్క్ ఆర్మ్ తన స్నేహితుల్ని పిలుద్దామనుకుంటే, బేస్ వాయించే జెఫ్ అమెంట్ రికార్డు కంపెనీల వాళ్ల పేర్లు పెట్టించాడు. తీరా చూస్తే కంపెనీల వాళ్లలో వచ్చింది ఇద్దరే. నెలాఖరుకల్లా బ్యాండ్ లేదు. ఆర్మ్, స్టీవ్ టర్నర్ కలిసి మడ్‌హనీ పెట్టారు. అమెంట్, స్టోన్ గోసార్డ్ ఆండ్రూ వుడ్‌తో చేరి మదర్ లవ్ బోన్ పెట్టారు. పెద్ద కంపెనీల వెంట పడడం తప్పా, కాదా అన్న పేచీ ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ ఊళ్లో నలిగింది.

అదే రాష్ట్రంలోని అబర్డీన్ అనే చిన్న ఊరి వైపు నుంచి ఇంకో గుంపు వచ్చింది. నిర్వాణ బ్యాండ్ గాయకుడు కర్ట్ కొబేన్‌కి మెల్విన్స్ అంటే పిచ్చి అభిమానం. 1988 జనవరిలో నిర్వాణ తొలి స్టూడియో డెమో (నమూనా రికార్డింగ్) చేసినప్పుడు డ్రమ్స్ వాయించింది మెల్విన్స్‌లోని డేల్ క్రోవరే. తర్వాత నిర్వాణ డ్రమ్మర్ అయిన డేవ్ గ్రోల్‌ని వాళ్లకి కలిపింది కూడా మెల్విన్స్ గిటారిస్టు బజ్ ఆస్బోర్నే. 1989 డిసెంబరులో లండన్ ఆస్టోరియా హాల్లో సియాటిల్ రికార్డు కంపెనీ సబ్ పాప్ బ్యాండ్లు వాయించిన రాత్రి, పెద్ద పేరు మడ్‌హనీది. నిర్వాణ ముందు వాయించి దిగిపోయే బ్యాండ్.

1990 మార్చి 19న ఆండ్రూ వుడ్ హెరాయిన్ మోతాదు మించి చనిపోయాడు. మదర్ లవ్ బోన్ తొలి ఆల్బమ్ ఇంకా బజారులోకి రానేలేదు. సౌండ్‌గార్డెన్ గాయకుడు క్రిస్ కార్నెల్ అతనితో ఒకే ఇంట్లో ఉండేవాడు. ఆ దుఃఖంలోనే రెండు పాటలు రాశాడు. వాటిని రికార్డు చేయడానికి అమెంట్‌ని, గోసార్డ్‌ని పిలిచాడు. డ్రమ్స్ కామెరాన్‌వి. రెండు పాటలు పెరిగి ‘టెంపుల్ ఆఫ్ ది డాగ్’ అనే పూర్తి ఆల్బమ్ అయ్యాయి.

అదే సమయంలో అమెంట్, గోసార్డ్ తమ కొత్త బ్యాండ్‌కి, అంటే తర్వాత పెర్ల్ జామ్ అయినదానికి, గాయకుడి వెతుకులాటలో ఉన్నారు. గోసార్డ్ డెమోల్లో కొన్నిటికి డ్రమ్స్ వాయించింది కూడా కామెరానే. ఆ టేపు శాన్ డియెగోలో ఉండే ఎడ్డీ వెడ్డర్‌కి చేరింది. అతను వాటికి మాటలు రాసి, పాడి తిప్పి పంపాడు. సియాటిల్‌కి వచ్చాక ఒకరోజు టెంపుల్ రిహార్సల్‌లో కూర్చుని వింటున్నాడు. ‘హంగర్ స్ట్రైక్’ పాటలో కిందిస్థాయి గొంతు, పైస్థాయి గొంతు రెండూ కార్నెల్ ఒక్కడే లాగలేక అవస్థ పడుతుంటే, వెడ్డర్ మైకు దగ్గరికి వెళ్లి కింది వరసలు అందుకున్నాడు. ఊరికి కొత్త, పైగా చనిపోయిన స్నేహితుడి స్థానంలోకి వచ్చినవాడు. అలాంటివాడికి కార్నెల్ తన పాటలో సగం ఇచ్చేశాడు. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా పెద్ద సంగతి ఇదే.

1991లో అంతా తారుమారైంది. ఆగస్టులో పెర్ల్ జామ్ ‘టెన్’, సెప్టెంబరులో నిర్వాణ ‘నెవర్‌మైండ్’, అక్టోబరులో సౌండ్‌గార్డెన్ ‘బ్యాడ్‌మోటర్‌ఫింగర్’ వచ్చాయి. ఈ మూడింటిలో పెద్ద కంపెనీతో ముందుగా ఒప్పందం చేసుకున్నది సౌండ్‌గార్డెన్. అమ్మకాల్లో ముందుకు దూకింది మాత్రం మిగతా రెండూ. 1992 జనవరిలో ‘నెవర్‌మైండ్’ మైకేల్ జాక్సన్ ఆల్బమ్‌ని దించి అమెరికా అమ్మకాల పట్టిక బిల్‌బోర్డ్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. అప్పటిదాకా పెద్దగా ఎవరూ కొనని ‘టెంపుల్’ ఆల్బమ్‌కి కంపెనీ 1992లో మళ్లీ ప్రచారం మొదలుపెట్టింది. అందులో పాడినవాళ్లు ఇప్పుడు స్టార్లు మరి! పది లక్షల కాపీలకిచ్చే ప్లాటినం గుర్తింపు వచ్చింది. సౌండ్‌గార్డెన్ సొంతంగా నంబర్ వన్ చూడడానికి 1994 దాకా ఆగాల్సి వచ్చింది.

పెద్దన్నలకు దక్కింది తక్కువ. మెల్విన్స్‌కి అట్లాంటిక్ అనే పెద్ద కంపెనీతో ఒప్పందం కుదిరింది, 1993 నాటి ‘హుడిని’ మీద నిర్మాతగా కొబేన్ పేరు కూడా పడింది. అయినా అది మూడు ఆల్బమ్‌ల ముచ్చటే. 1993 చివర్లో జరిగిన టూర్‌లో కొన్ని షోలకి నిర్వాణ కన్నా ముందు వాయించి దిగింది మడ్‌హనీ. లండన్‌లో నాలుగేళ్ల కిందటి వరస తలకిందులైంది.

నిర్వాణకీ పెర్ల్ జామ్‌కీ మధ్య మాత్రం మాటల యుద్ధం నడిచింది. కొబేన్ ఇంటర్వ్యూల్లో పెర్ల్ జామ్‌ని వ్యాపారం కోసం పుట్టిన బ్యాండ్ అన్నట్టు మాట్లాడాడు. అది కొత్త ఫిర్యాదేం కాదు, 1987 గెస్ట్ లిస్టు తగాదా పెద్ద మైకులోకి ఎక్కిందంతే. 1992 ఎంటీవీ అవార్డుల రాత్రి స్టేజీ కింద కొబేన్, వెడ్డర్ చేతులు పట్టుకుని డాన్స్ చేశాక ఆ వేడి తగ్గింది. విచిత్రం ఏమిటంటే అసలు తగాదా పడిన ఆర్మ్, అమెంట్ అప్పటికే సర్దుకున్నారు. మడ్‌హనీని పెర్ల్ జామ్ తన టూర్లకి పిలిచేది. 1993 నవంబరులో లాస్ వేగాస్ షోలో గ్రీన్ రివర్ సభ్యులు మళ్లీ ఒకే స్టేజీ ఎక్కారు. ఒకే ఊరివాళ్లు కావడం వల్లే స్నేహాలు నిలిచాయని చాలామంది రాస్తారు. అదే నిజమైతే కొబేన్ కోపం రావాల్సింది కాదు. కలిసి పాటలు కట్టినవాళ్లు, ఒకే మనిషి చావుకి ఏడ్చినవాళ్లు మాత్రం గట్టిగా నిలబడ్డారు.

2016లో ‘టెంపుల్’ పాతికేళ్ల సందర్భంగా వాళ్లు తొలిసారి టూర్ చేశారు. 2017 మే 18న డెట్రాయిట్‌లో షో ముగిసిన కొన్ని గంటలకే కార్నెల్ చనిపోయాడు. అతని గొంతుతో సగంలో ఆగిన చివరి పాటల మీద బ్యాండ్‌కీ అతని భార్యకీ మధ్య నడిచిన కోర్టు వివాదం 2023లో రాజీ అయింది. ఆ పాటలు పూర్తి చేయాల్సింది సౌండ్‌గార్డెన్‌లో మిగిలినవాళ్లే, వాళ్లలో కామెరాన్ ఒకడు.