ఫైర్‌వాల్‌కు ట్రాఫిక్ డ్యూటీ ఎలా పడింది?

మాదాపూర్‌లో ఓ మోస్తరు ఆఫీసుకు 500 ఎంబీపీఎస్ లీజ్డ్ లైన్ ఉండటం ఇప్పుడు విశేషమేమీ కాదు. అయినా క్లయింట్ కాల్ మధ్యలో మాట తెగిపోతుంది. "హలో, వినిపిస్తోందా?" అనుకోవడంతోనే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. ఐటీ వాళ్లను అడిగితే గ్రాఫ్ తీసి, లైన్ సగం కూడా నిండలేదు చూడండి అంటారు. ఇద్దరిదీ నిజమే. ఆ గ్రాఫ్ చూపేది సాధారణంగా ఐదు నిమిషాల సగటు. మాట తెగడానికి అర సెకను చాలు. ఆ అర సెకనులో ఎవరో పెద్ద ఫైలును క్లౌడ్‌కు ఎక్కించారు, వాయిస్ ప్యాకెట్లు, అంటే మాటను మోసే చిన్న డేటా ముక్కలు, దాని వెనక క్యూలో ఇరుక్కున్నాయి. మీటింగ్ అయ్యాక తీర్మానం మామూలే: "ఫైర్‌వాల్‌లో కాల్స్‌కి ప్రయారిటీ పెట్టండి."

బయటివాళ్లు చొరబడకుండా కొన్న పెట్టెకు, లోపలివాళ్లలో ఎవరు ముందు వెళ్లాలో తేల్చే పని ఎలా అంటుకుందన్నది కొంచెం పాత కథ.

ముందూ వెనకల ఆలోచన ఫైర్‌వాల్ కంటే ముందే పుట్టింది. 1981 నాటి ఇంటర్నెట్ ప్రోటోకాల్ (ఐపీ) ప్రమాణంలోనే ప్రతి ప్యాకెట్ హెడర్‌లో, అంటే చిరునామా వగైరా ఉండే ముందు భాగంలో, 'టైప్ ఆఫ్ సర్వీస్' అని ఒక బైటు కేటాయించారు. అందులో మూడు బిట్లు ప్రాధాన్యానికి. 'రొటీన్' మొదలుకొని 'ఫ్లాష్ ఓవర్‌రైడ్' మీదుగా 'నెట్‌వర్క్ కంట్రోల్' దాకా ఎనిమిది మెట్లు. పేర్లు చూస్తేనే అర్థమవుతుంది, ఇది అమెరికా రక్షణ శాఖ డబ్బుతో నడిచిన వ్యవహారమని. చాలాకాలం ఆ బిట్లను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అదీ మంచికే. తన ప్యాకెట్ అర్జెంటని ఎవరికి వారే రాసుకునే వీలుంటే, అర్జెంటు కాని ప్యాకెట్ ఒక్కటైనా మిగులుతుందా?

1986 అక్టోబరులో రద్దీ అంటే ఏమిటో ఇంటర్నెట్‌కు తెలిసొచ్చింది. లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కూ బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య దూరం 400 గజాలు. వేగం 32 కేబీపీఎస్ నుంచి సెకనుకు 40 బిట్లకు పడిపోయింది. ప్యాకెట్ చేరలేదనుకున్న ప్రతి కంప్యూటరూ మళ్లీ పంపడం, అలా మళ్లీ పంపినవే దారిని ఇంకా మూసేయడం. 1988లో ఆ ల్యాబ్ పరిశోధకుడు వాన్ జేకబ్‌సన్ దీనికి మందు చెప్పారు: ప్యాకెట్ పోయిందంటే దారి ఇరుకైనట్టు లెక్క, వెంటనే వేగం తగ్గించాలి, తర్వాత మెల్లగా పెంచుకోవాలి. ప్యాకెట్లు భద్రంగా చేరేలా చూసే టీసీపీ ప్రోటోకాల్ నేర్చుకున్న ఈ మర్యాదను గుర్తుపెట్టుకోండి, డౌన్‌లోడ్ల విషయంలో ఫైర్‌వాల్ పని దీనిమీదే ఆధారపడి ఉంది.

హైదరాబాద్‌కు ఈ గొడవ 64 కేబీపీఎస్ రోజుల్లో వచ్చింది. తొంభైల్లో అమీర్‌పేట మైత్రీవనంలోని ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ పార్కుల సంస్థ ఎస్‌టీపీఐ నుంచి శాటిలైట్ లింకు తీసుకోవడమంటే సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఒక హోదా. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అదే నెలలో ఇంటర్నెట్ ఇచ్చే సంస్థల (ఐఎస్‌పీల) కోసం వచ్చిన కొత్త విధానంతో, ఇంటర్నెట్ సేవల్లో ప్రభుత్వ సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ గుత్తాధిపత్యానికి తెరపడింది. లైన్లు పెరిగాయి, వాటిని వాడే జనం అంతకంటే వేగంగా పెరిగారు. డేటా ఆలస్యమైతే ఓపిక పట్టొచ్చు. కాల్ సెంటర్లు వచ్చి, అదే లైను మీద ఫోన్లు కూడా నడపాల్సి వచ్చేసరికి అసలు టెన్షన్ మొదలైంది.

ఒకసారి లెక్క వేసి చూడండి. 1500 బైట్ల ప్యాకెట్ ఒకటి 64 కేబీపీఎస్ లైను దాటడానికి దాదాపు 188 మిల్లీసెకన్లు పడుతుంది. ఫోను మాట సాఫీగా సాగాలంటే ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపే ఉండాలని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సిఫారసు. అంటే ఎవరి మెయిల్ అటాచ్‌మెంట్‌లోదో ఒకే ఒక్క ప్యాకెట్ ముందు పడితే చాలు, కాల్ పాడైనట్టే. (శాటిలైట్ లింకైతే పైకెళ్లి కిందికి రావడానికే పావు సెకను పోతుంది. ఇక సిఫారసు ఊసెందుకు!) జీ.729 కోడెక్‌తో మాటను 8 కేబీపీఎస్‌కు కుదించినా, ఐపీ హెడర్లన్నీ కలిపితే ఒక కాల్‌కు 24 కేబీపీఎస్ అవుతుంది. ఆ లైను మీద రెండు కాల్స్, పక్కన ఇంత మెయిలు, అంతే. అందుకే పెద్ద ప్యాకెట్లను ముక్కలు చేసి, వాటి మధ్యలో వాయిస్ ప్యాకెట్లను దూర్చే పద్ధతులు వచ్చాయి. వాటిని నడిపింది అప్పట్లో ప్యాకెట్లకు దారి చూపే రౌటర్లే.

ఫైర్‌వాల్‌ను ఇందులోకి లాగింది 1998 డిసెంబరులో వచ్చిన డిఫ్‌సర్వ్ ప్రమాణం. పాత మూడు బిట్ల స్థానంలో ఆరు బిట్లు, 64 కోడ్లు వచ్చాయి. వాయిస్‌కు 46 అన్నది అలా స్థిరపడిందే. కోడ్లకంటే ముఖ్యమైనది దాని వెనకున్న పని విభజన. ఏ ప్యాకెట్ ఏ తరగతిదో నెట్‌వర్క్ అంచున ఒక్కసారి తేల్చాలి, లోపలి రౌటర్లు ఆ అంకె చూసి పంపించాలి. ఎవరికి వారు అర్జెంటని రాసుకునే బెడదకు ఇదే జవాబు. అంచున ఉన్నవాడు ఒప్పుకుంటేనే అది అర్జెంటు. మరి ఆఫీసు నెట్‌వర్క్ అంచున కూర్చున్నదెవరు? ఫైర్‌వాల్. పైగా 1994లో చెక్ పాయింట్ ఫైర్‌వాల్-1 వచ్చాక, నడుస్తున్న ప్రతి కనెక్షన్‌నూ టేబుల్‌లో గుర్తుపెట్టుకోవడం దానికి అలవాటైంది. ఏ ప్యాకెట్ ఏ సంభాషణదో దానికి ముందే తెలుసు.

కొంతకాలం ఈ పనికి ప్యాకెటీర్ వాళ్ల ప్యాకెట్‌షేపర్ లాంటి పెట్టెలు విడిగా ఉండేవి. ఈలోగా 1999 నాటి లినక్స్ 2.2 కెర్నెల్‌లో ట్రాఫిక్ కంట్రోల్ వచ్చింది, 2002లో లైనును వాటాలుగా పంచే హెచ్‌టీబీ వచ్చింది, మరుసటి ఏడు ఓపెన్‌బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్ తన పీఎఫ్ ఫైర్‌వాల్‌లోకి క్యూలు నడిపే ఆల్ట్‌క్యూను కలిపేసుకుంది. సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంటే రాక్‌లో రెండో పెట్టె ఎందుకన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. మన కాలనీల్లో కేబుల్ ఇంటర్నెట్ వాళ్లు 512 కేబీపీఎస్ ప్లాన్లు అమ్మడానికి వాడిన మైక్రోటిక్ రౌటర్లలో క్యూలు నడిపిందీ ఆ హెచ్‌టీబీయే.

తర్వాత వచ్చింది గుర్తింపు సమస్య. 2001లో బిట్‌టొరెంట్, 2005లో యూట్యూబ్. ప్యాకెట్ మీదున్న పోర్టు నంబరు చూసి ఇది వెబ్, ఇది మెయిల్ అని చెప్పే రోజులు పోయాయి, అందరూ వెబ్ పోర్టులైన 80, 443 వేషాల్లో తిరగసాగారు. పోర్టును కాదు, అప్లికేషన్‌నే గుర్తుపడతానంటూ 2007లో పాలో ఆల్టో ఫైర్‌వాల్ బజారులోకి వచ్చింది. మన దేశంలో మాత్రం చాలామందికి పరిచయమైంది అహ్మదాబాద్‌లో పుట్టిన సైబరోమ్. ప్యాకెట్ ఏ ఐపీ అడ్రసుదన్న దానికంటే ఏ మనిషిదన్నదే దానికి ముఖ్యం. ఇంజినీరింగ్ కాలేజీ హాస్టళ్లలో దాని లాగిన్ పేజీని తిట్టుకోని బ్యాచ్ ఉండదేమో! ఒక్కో యూజర్‌కు ఇంత వేగమని రాసే వీలు వచ్చాక, నెట్‌వర్క్ వాళ్ల నిర్ణయాల్లోకి ఆఫీసు రాజకీయాలూ వచ్చిపడ్డాయి. ఎండీ గారి ల్యాప్‌టాప్‌కు విడిగా ఒక రూల్ లేని ఫైర్‌వాల్ కనిపించడం అరుదు. సాంకేతికంగా దానికి ఏ అవసరమూ ఉండదు. తీసేసే ధైర్యం కూడా ఎవరికీ ఉండదు.

ఇంత చరిత్ర తర్వాత కూడా ఎక్కువమంది తప్పుగా పెట్టే సెట్టింగ్ ఒకటుంది. కూడలిలో ట్రాఫిక్ పోలీసు తన ముందున్న బండ్లనే ఆపగలడు, అవతలి కూడలిలో ఇరుక్కున్నవాటిని కాదు. లైను 100 ఎంబీపీఎస్ అయితే, ఫైర్‌వాల్‌లోనూ 100 అనే రాస్తే క్యూ ఐఎస్‌పీ పరికరంలో పేరుకుంటుంది. అక్కడ మన ప్రయారిటీ చెల్లదు. 90, 95 మధ్య రాస్తే క్యూ మన పెట్టెలోకి వస్తుంది, అప్పుడే మన మాట నెగ్గుతుంది. అప్‌లోడ్‌కు ఇది సరిపోతుంది. డౌన్‌లోడ్ కథ వేరు. ఆ ప్యాకెట్లు అప్పటికే ఇరుకు లైను దాటి వచ్చేశాయి. ఫైర్‌వాల్ చేయగలిగింది కొన్నింటిని ఆపడమో పారేయడమో. అప్పుడు అవతలి సర్వర్, 1988లో నేర్చుకున్న మర్యాద ప్రకారం, వేగం తగ్గించుకుంటుంది. అంటే డౌన్‌లోడ్ కంట్రోల్ అన్నది ఆజ్ఞ కాదు, అభ్యర్థన.

క్యూ పొడవు మీద కూడా 2010 దాకా పెద్దగా ఎవరి దృష్టీ పడలేదు. మెమరీ చవకైందని తయారీదారులు బఫర్లు, అంటే క్యూ నిలబడే జాగా, పెంచుకుంటూ పోయారు. 10 ఎంబీపీఎస్ లైను ముందు ఒక మెగాబైట్ బఫర్ నిండితే ఆలస్యం 0.8 సెకను. జిమ్ గెటిస్ అనే ఇంజినీరు దీన్ని 'బఫర్‌బ్లోట్' పేరుతో బయటపెట్టారు. 2012లో క్యాథలీన్ నికోల్స్, జేకబ్‌సన్ కలిసి కోడెల్ తెచ్చారు. దీని లెక్క క్యూలో ఎన్ని ప్యాకెట్లున్నాయని కాదు, ఒక్కోటి ఎంతసేపు నిలబడిందని. దానికి ఒక్కో సంభాషణకు ఒక్కో క్యూ ఇచ్చే పద్ధతి కలిపితే ఎఫ్‌క్యూ-కోడెల్. ఏది వాయిసో గుర్తుపట్టకుండానే వాయిస్‌ను కాపాడుతుంది కాబట్టి, నా దృష్టిలో ఇరవై రూల్స్ రాసే బదులు ముందు దీన్ని ఆన్ చేసి చూడటం మేలు.

2020 లాక్‌డౌన్‌తో అంచు ఆఫీసులోంచి ఇళ్లకు మారిపోయింది. కూకట్‌పల్లి, ఎల్‌బీ నగర్ ఫ్లాట్లలోని కాల్స్ అన్నీ వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే రహస్య దారి) ద్వారా ఆఫీసు ఫైర్‌వాల్‌కు వచ్చి, మళ్లీ అక్కణ్నుంచి బయటికి వెళ్తుంటే లైను రెండింతలు నిండింది. వీడియో కాల్స్‌ను వీపీఎన్ నుంచి తప్పించి నేరుగా పంపండని మైక్రోసాఫ్ట్ లాంటి సంస్థలు సలహా ఇచ్చాయి. దాంతో ఇరుకంతా ఇంటి వైఫైలోకి మారింది. అక్కడ కంపెనీ ఫైర్‌వాల్‌కు పెత్తనం లేదు.

జనం ఆఫీసులకు తిరిగొచ్చేసరికి ట్రాఫిక్‌లో చాలా భాగం ఎన్‌క్రిప్ట్ అయిపోయి ఉంది. 2021లో ప్రమాణంగా ఖరారైన, వెబ్ డేటాను మోసే క్విక్ ప్రోటోకాల్ కనెక్షన్ వివరాలను కూడా చాలావరకు దాచేస్తుంది. ట్రైనింగ్ వీడియోకూ సినిమా ట్రైలర్‌కూ తేడా చెప్పడం ఫైర్‌వాల్ తరం కావడం లేదు. కొందరు ఎన్‌క్రిప్షన్‌ను మధ్యలో విప్పి చూస్తారు, బ్యాంకు సైట్లను మినహాయించి. కొందరు ల్యాప్‌టాప్‌లోని కాలింగ్ యాప్ చేతనే వాయిస్ గుర్తయిన ఆ 46 అంకె రాయిస్తారు. ఆ అంకె ఆఫీసు గడప దాకా బాగానే పనిచేస్తుంది. మామూలు ఇంటర్నెట్ లైనులో దాన్ని లెక్కచేయాల్సిన బాధ్యత ఐఎస్‌పీకి లేదు. ఐఎస్‌పీ తన సొంత నెట్‌వర్క్‌లో విడిగా ఇచ్చే ఎంపీఎల్‌ఎస్ లైను కొన్నవాళ్లకు మాత్రం వాయిస్ తరగతి ఒప్పందంలోనే రాసి ఉంటుంది. మామూలు ఇంటర్నెట్ లైన్ల మీదే ఆఫీసులను కలిపే చవకైన ఎస్‌డీ-వాన్ వచ్చాక కూడా కొన్ని కంపెనీలు ఆ పాత లైనును ఇంకా రద్దు చేయకపోవడానికి ఒక కారణం ఇదే.