గోదావరి ఒండ్రు లెక్క వెనుక క్లోరిన్-36 కథ

ఎగువ ప్రాజెక్టులు ఒండ్రుని ఆపేయడం వల్లే గోదావరి డెల్టా తీరం కోతకు గురవుతోందని పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. ఎంత తగ్గిందో తేల్చాలంటే ముందు ఎంత వచ్చేదో తెలియాలి కదా. ధవళేశ్వరంలో కాటన్ ఆనకట్ట 1852లోనే పూర్తయింది. నది మోసే మట్టిని కొలిచిన రికార్డులు మాత్రం కొన్ని దశాబ్దాలవే. అంతకుముందటి లెక్క కోసం, కొండలు ఎంత వేగంగా అరిగి నదికి మట్టిని ఇచ్చాయో రాళ్లనే అడగాలి.

కాస్మిక్ కిరణాలు నేల పైపొర రాళ్లను తాకినప్పుడు వాటిలోని కాల్షియం, పొటాషియం అణువుల నుంచి క్లోరిన్-36 అనే అరుదైన రేడియోధార్మిక రకం (ఐసోటోప్) క్లోరిన్ పుడుతుంది. కొండ నెమ్మదిగా అరిగితే అది ఎక్కువ పోగవుతుంది, త్వరగా అరిగితే తక్కువ. అరుగుదలను కొలవడానికి ఎక్కువగా వాడేది క్వార్ట్జ్ అనే ఖనిజంలో ఇలాగే పుట్టే బెరీలియం-10. కానీ గోదావరి పుట్టిన మహారాష్ట్ర నల్లరాతిలో, అంటే బసాల్ట్‌లో, క్వార్ట్జ్ దాదాపు ఉండదు. అందుకే అక్కడ క్లోరిన్-36 పనికొస్తుంది.

రాళ్లలో దీన్ని కొలవడం 1955లో రేమండ్ డేవిస్, ఆలివర్ షెఫర్ మొదలుపెట్టారు. వాళ్లు అణువు విచ్ఛిన్నమైనప్పుడు వచ్చే బీటా కణాలను లెక్కపెట్టారు. క్లోరిన్-36 అర్ధాయువు (సగం అణువులు విచ్ఛిన్నమవడానికి పట్టే కాలం) దాదాపు 3 లక్షల ఏళ్లు కాబట్టి, కొద్దిపాటి అణువులున్న రాయికి ఆ పద్ధతి చాలదు. 1970ల చివర్లో అణువులను వేగంగా పరుగెత్తించి బరువును బట్టి వేరుచేసే యాక్సిలరేటర్ మాస్ స్పెక్ట్రోమెట్రీ వచ్చాక విచ్ఛిన్నం కోసం ఎదురుచూడకుండా అణువులనే నేరుగా లెక్కపెట్టే వీలు కలిగింది. 1986లో ఫ్రెడ్ ఫిలిప్స్ బృందం అగ్నిపర్వత శిలల్లో ఈ ఐసోటోప్ కాలంతోపాటు పోగవుతుందని చూపింది.

యంత్రం ఎంత మంచిదైనా అసలు కష్టం ల్యాబ్‌లోనే. రెండు టెన్షన్లు. ఒకటి గంధకం: సల్ఫర్-36 బరువు కూడా దాదాపు అంతే కావడంతో యంత్రం పొరబడుతుంది. అందుకే ద్రావణంలో బేరియం ఉప్పు కలిపి గంధకాన్ని బేరియం సల్ఫేట్‌గా తీసేసి, మిగిలిన క్లోరిన్‌ను సిల్వర్ క్లోరైడ్‌గా రాబడతారు. రెండోది రాతిలో ముందే ఉన్న మామూలు క్లోరిన్, అంటే క్లోరిన్-35, 37. నెమ్మదించిన న్యూట్రాన్‌ను క్లోరిన్-35 పట్టుకున్నా క్లోరిన్-36 పుడుతుంది. ఆ భాగం రాతిలోని తేమ మీద కూడా ఆధారపడుతుంది కాబట్టి దాన్ని కచ్చితంగా లెక్కకట్టడం కష్టం. ఇటలీలోని ఎట్నా అగ్నిపర్వతపు లావాపై 2009లో షిమ్మెల్‌ఫెన్నిగ్ బృందం చేసిన పని ఈ విషయంలో కీలకం. క్లోరిన్ ఎక్కువున్న రాయిని మొత్తంగా కరిగిస్తే ఫలితం తప్పుదారి పట్టవచ్చనీ, క్లోరిన్ తక్కువున్న ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాన్ని విడదీసి కొలిస్తే నమ్మకంగా ఉంటుందనీ అది చూపింది. అప్పటికే మరో మెరుగుదల వాడుకలోకి వచ్చింది: రాయిని ఆమ్లంలో కరిగించేటప్పుడే క్లోరిన్-35 గానీ 37 గానీ ఎక్కువగా ఉన్న ద్రావణం తెలిసిన మోతాదులో కలిపితే, ఒకే కొలతలో మొత్తం క్లోరిన్, క్లోరిన్-36 రెండూ తెలుస్తాయి.

మన వైపు రాజమండ్రి దగ్గరి కాటేరు, పంగిడి నల్లరాయికీ ఈ పద్ధతి వర్తిస్తుంది. కాకపోతే సముద్రపు గాలి తెచ్చే ఉప్పు రాతి సందుల్లో చేరుతుంది కాబట్టి, పొడిని పలుచని ఆమ్లంతో బాగా కడిగాకే కరిగించాలి. క్వారీ లోపలి రాయి మాత్రం వద్దు. కాస్మిక్ కిరణాల న్యూట్రాన్లు ప్రతి అర మీటరు పైచిలుకు లోతుకూ దాదాపు మూడో వంతుకు పడిపోతాయి; కంకర కోసం పైపొర తవ్వేసిన చోట ఆ కొండ అరిగిన చరిత్ర కూడా లారీల్లో వెళ్లిపోయినట్టే. ఎవరూ తవ్వని చోట, పైకి తేలిన రాతినే ఎంచుకోవాలి.