వెయ్యి డాలర్ల బొంత కుట్టిందెవరు?

అమెరికా క్విల్ట్ (బొంత) పోటీల్లో పాత గొడవే మళ్లీ లేచింది. పైపొర ముక్కలు ఒకరు అతుకుతారు. లాంగ్‌ఆర్మ్ అనే పెద్ద కుట్టు మెషిన్ ఉన్న ఇంకొకరికి డబ్బిచ్చి పైపొర, మధ్య దూది, అడుగు గుడ్డ మూడూ కలిపి కుట్టిస్తారు. ఈ పనినే క్విల్టింగ్ అంటారు. బహుమతి వస్తే పేరెవరిది?

మెషిన్లే పోటీలను పాడుచేశాయనేవాళ్లు 1989ని చూపిస్తారు. ఆ ఏడాది కెంటకీ రాష్ట్రంలోని పడూకాలో, అమెరికన్ క్విల్టర్స్ సొసైటీ ప్రదర్శనలో, మెషిన్ మీద క్విల్టింగ్ చేసిన బొంతకు మొదటిసారి అగ్ర బహుమతి దక్కింది. కానీ విజేత కేరల్ బ్రయర్ ఫాలర్ట్ ఆ బొంతను తానే కుట్టారు కదా! చిక్కుముడి అంతకు 56 ఏళ్ల ముందు పడింది. అదీ చేతికుట్టులోనే, అదీ కెంటకీలోనే.

1933 జనవరిలో సియర్స్ అనే దుకాణాల కంపెనీ జాతీయ బొంతల పోటీ ప్రకటించింది. గడువు మే 15. మొదటి బహుమతి వెయ్యి డాలర్లు. షికాగో ప్రపంచ ప్రదర్శన ఇతివృత్తంతో కుడితే ఇంకో 200. ఆర్థిక మాంద్యం రోజులు, దాదాపు నలుగురిలో ఒకరికి పని లేదు. 24 వేలకు పైగా బొంతలు వచ్చిపడ్డాయి. నాలుగు నెలల్లో ఒక చేతిబొంత అంటే ఎంత పనో అమ్మమ్మ పాత చీరల బొంత కప్పుకున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. వడపోసి 30 బొంతలను షికాగో పంపారు. ప్రదర్శన ఇతివృత్తాన్ని నమ్ముకున్నవాళ్లకు నిరాశే మిగిలింది. సంప్రదాయ నక్షత్రం డిజైన్‌తో కెంటకీలోని లెక్సింగ్టన్‌కు చెందిన మార్గరెట్ కేడెన్ గెలిచారు.

బొంత పోటీదారు సొంత పనే అయి ఉండాలన్నది నిబంధన. కేడెన్ అందులో ఒక్క కుట్టూ వేయలేదు. ఆమెకు కుట్టుపనుల దుకాణం ఉండేది. ఐడా రోరర్, మ్యాటీ బ్లాక్, ఆలీ ప్రైస్ వంటి స్త్రీలు ఆమె దగ్గర కూలికి కుట్టేవారు. ఆ బొంతా వాళ్ల చేతిపనే. బహుమతి సొమ్ములో వాళ్లకు వాటా రాలేదు. నోరు విప్పితే ఉన్న పనీ పోతుంది, ఆ రోజుల్లో అది చిన్న టెన్షన్ కాదు. దుకాణం, పెట్టుబడి కేడెన్‌వి అన్నది నిజమే. పోటీ పెట్టుబడికి కాదు.

ఈ సంగతి బయటికి రావడానికి దశాబ్దాలు పట్టింది. మెరికే వాల్డ్‌వోగెల్, బార్బరా బ్రాక్‌మన్ అనే పరిశోధకులు కూపీ లాగారు. అప్పటికి చూద్దామన్నా బొంత లేదు. దాన్ని అప్పటి అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్‌కు బహూకరించారు. ఆ తర్వాత ఎక్కడికి పోయిందో జాడ లేదు.