సీప్యాప్ శుభ్రత: రోగనిరోధక శక్తి తగ్గినవారికి అపోహలు - వాస్తవాలు

కిడ్నీ మార్పిడి జరిగి ఏడు నెలలైన ఒక పెద్దాయన, కూతురిని వెంటబెట్టుకుని మా నిద్ర పరీక్షల విభాగానికి వచ్చారు. నిద్రలో ఊపిరి ఆగిపోకుండా (స్లీప్ ఆప్నియా) మాస్క్ గుండా ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ మెషీన్‌ని సంచీలో జాగ్రత్తగా సర్ది తెచ్చారు. మాస్క్ తళతళలాడుతోంది, ట్యూబ్ మీద దుమ్ము ఆనవాలే లేదు. "మా నాన్నగారు దాన్ని చంటిపిల్లలా చూసుకుంటారండీ" అంది ఆ అమ్మాయి. ఆ గాలికి తేమనిచ్చే నీళ్ల ట్యాంక్ (హ్యూమిడిఫయర్) మూత తీసి అడుగు మూలలో వేలితో ఒకసారి రాశాను. గ్లవ్ మీద పల్చటి గులాబీ రంగు జిగురు సాగింది. పైనుంచి చూస్తే అద్దంలా మెరుస్తున్న ట్యాంక్ అది. పెద్దాయన ముఖం వాడిపోయింది. "రోజూ నీళ్లు మారుస్తున్నానమ్మా, క్రిములు చంపే ఓజోన్ వాయువు పెట్టెలో కూడా పెడుతున్నాను" అన్నారు.

ఆయన అబద్ధం చెప్పలేదు. నీళ్లు రోజూ మార్చేవారు. ట్యాంక్‌ని తోమేవారు కాదు, ఆరబెట్టేవారు అసలే కాదు.

రెస్పిరేటరీ థెరపిస్ట్‌గా నేను రోజూ ఈ మెషీన్ల మధ్యే ఉంటాను. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు శుభ్రతలో కాస్త అశ్రద్ధ చేసినా చాలాసార్లు ఏమీ కాదు. అవయవ మార్పిడి మందులు వాడేవారు, కీమో నడుస్తున్నవారు, రోజుకు 20 మిల్లీగ్రాములో అంతకన్నా ఎక్కువో ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను రెండు వారాలకు మించి వాడుతున్నవారు, హెచ్‌ఐవీలో సీడీ4 (రోగనిరోధక కణాల) కౌంట్ 200 కన్నా తగ్గినవారు మాత్రం అలా అనుకోవడానికి లేదు. ఇది వాళ్ల కోసం, వాళ్లను చూసుకునే ఇంట్లోవాళ్ల కోసం రాస్తున్నాను.

అపోహ: రోజూ నీళ్లు మారుస్తున్నాం, ట్యాంక్ శుభ్రంగానే ఉంటుంది.

వాస్తవం: నీళ్లు పారబోస్తే పోయేవి నీళ్లలో తేలుతున్న క్రిములే. గోడకు అతుక్కున్నవి ఎక్కడికీ పోవు. అవి తమ చుట్టూ ఒక జిగట పొర కట్టుకుంటాయి, దాన్నే బయోఫిల్మ్ అంటాం. వేలికి జారుడుగా తగులుతుందే, అదే. ఆ పొర లోపల ఉన్న బ్యాక్టీరియాకి సబ్బు నీళ్లు ఊరికే తగిలినా, మందు నీళ్లు తగిలినా పెద్దగా లెక్కుండదు. దాన్ని వదిలించాలంటే రుద్దాలి. రుద్దాక మళ్లీ కట్టకుండా ఉండాలంటే ఆరబెట్టాలి. ఇన్నేళ్లలో నేను చూసిన మురికి మెషీన్లలో ఎక్కువ భాగం కడగనివి కావు, కడిగి తడిగానే మూత పెట్టేసినవి.

పొద్దున లేవగానే చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. ముందు మీ చేతులు సబ్బుతో కడుక్కోండి. ట్యాంక్ బయటికి తీసి మిగిలిన నీళ్లు పారబోయండి. ఎంత మిగిలినా సరే, దానిమీదే కొత్త నీళ్లు పోయొద్దు. వాసన లేని, ఘాటు లేని సబ్బుతో, గోరువెచ్చని నీళ్లతో, ఈ పనికే కేటాయించిన మెత్తటి బ్రష్‌తో మూలలు, మూత అంచున ఉండే రబ్బరు సీలు కింద తోమండి. జిగురు మొదట కనిపించేది ఆ సీలు కిందే. మాస్క్ కుషన్‌ని కూడా అప్పుడే కడగండి. ముఖం మీది జిడ్డు, చెమట, రాలిన చర్మం రాత్రంతా దానికి అంటుకుంటాయి. ఆ జిడ్డు సిలికాన్‌ని పాడు చేసి గాలి లీకయ్యేలా కూడా చేస్తుంది. మాస్క్ ముందువైపు సన్నటి రంధ్రాలుంటాయి, మీరు వదిలిన గాలి బయటికి పోయేది వాటిలోంచే. అవి మూసుకుపోలేదని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూడండి.

ట్యూబ్‌నీ, తల పట్టీలనీ మామూలుగా వారానికోసారి కడిగితే సరిపోతుంది. రోగనిరోధక శక్తి బాగా పడిపోయి ఉన్న రోజుల్లో ట్యూబ్‌ని వారానికి రెండు మూడుసార్లు కడగమని మేం చెబుతుంటాం. కడిగాక రెండు చివరలూ కిందికి వేలాడేలా కొక్కేనికి తగిలించాలి. చుట్టగా చుట్టి పెడితే మధ్యలో నీళ్లు నిలుస్తాయి. ఎండలో మాత్రం ఆరేయకండి, ప్లాస్టిక్, సిలికాన్ త్వరగా పెళుసుబారతాయి. గాలి ఆడే నీడ చాలు.

అపోహ: డిస్టిల్డ్ వాటర్ అంటే క్రిములు లేని నీళ్లే. ప్యూరిఫైయర్ నీళ్లూ దాదాపు అంతే.

వాస్తవం: డిస్టిల్డ్ వాటర్ వాడమని కంపెనీలు చెప్పేది ముఖ్యంగా ఖనిజాల వల్ల. మామూలు నీళ్లు ఆవిరైతే అడుగున తెల్లటి సున్నపు పొర మిగులుతుంది. ఆ గరుకు పొర ట్యాంక్‌ని పాడు చేస్తుంది, క్రిములు పట్టుకోవడానికి చోటూ ఇస్తుంది. నీటిని మరిగించి ఆవిరిని చల్లబరిచి చేసేది కాబట్టి డిస్టిల్డ్ వాటర్ తయారైనప్పుడు శుభ్రంగానే ఉంటుంది. కానీ సీసా మీద "స్టెరైల్" (పూర్తిగా క్రిమిరహితం) అని లేకపోతే అది స్టెరైల్ కాదు. సీల్ తీసి నెల రోజులుగా గది మూలన పడి ఉన్న పెద్ద డబ్బాని నమ్మలేం.

కుళాయి నీళ్ల సంగతి వేరు. వాటిలో కలిపే క్లోరిన్ చాలా క్రిములని చంపుతుంది గానీ అన్నిటినీ కాదు. క్షయ క్రిమికి దూరపు చుట్టాల్లాంటి నాన్-ట్యూబర్‌క్యులస్ మైకోబ్యాక్టీరియా క్లోరిన్‌ని బాగా తట్టుకుంటాయి. పైపుల్లో లెజియొనెల్లా, సూడోమొనాస్ అనే బ్యాక్టీరియా కూడా ఉండవచ్చు. లెజియొనెల్లా బాగా పెరిగేది 25 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ మధ్య. వెచ్చగా ఉండే ట్యాంక్‌లో ఆ వేడి వాటికి హాయిగా సరిపోతుంది. ఇంట్లో ప్యూరిఫైయర్ తాగడానికి మంచిదే, కాదనను. అయితే అది క్లోరిన్‌ని కూడా తీసేస్తుంది, సమయానికి మార్చని క్యాండిల్‌లో క్రిములు పెరుగుతాయి. ట్యాంక్‌లో పోయడానికి ఆ నీళ్లు పనికిరావు.

ఇక్కడ భయం కూడా కొలతలోనే ఉండాలి. కొన్ని గది హ్యూమిడిఫయర్లు నీటిని సన్నటి తుంపరగా చిమ్ముతాయి. సీప్యాప్‌లో అలా జరగదు, వెచ్చటి నీటి పైనుంచి గాలి పోతుంది, ఆవిరి మాత్రమే కలుస్తుంది. ఆవిరితో పాటు క్రిములు లేవడం అంత తేలిక కాదు. మరి ప్రమాదం ఎక్కడుంది? ట్యాంక్‌లో గీత దాటి నీళ్లు పోసినప్పుడు, మెషీన్ ఒరిగినప్పుడు, చల్లటి గదిలో ఆవిరి ట్యూబ్‌లోనే నీరుగా మారి నిలిచినప్పుడు. రాత్రి గుడగుడమని చప్పుడు వచ్చి, ముక్కు మీద చుక్క పడి మెలకువ వస్తుందే, అప్పుడన్నమాట. అందుకే మెషీన్‌ని తల ఎత్తుకన్నా కిందుగా పెట్టుకోవాలి, ట్యాంక్‌లో నీళ్లుండగా మెషీన్‌ని కదపకూడదు.

మార్పిడి జరిగిన మొదటి నెలల్లో, కీమోలో తెల్ల రక్తకణాలు పడిపోయిన రోజుల్లో మేం స్టెరైల్ నీళ్లు వాడమంటాం. అవి దొరక్కపోతే, డిస్టిల్డ్ వాటర్‌నే ఒక నిమిషం పాటు తెర్లనిచ్చి, మూత పెట్టి చల్లార్చి వాడుకోవచ్చు. 2000 మీటర్లకు మించిన ఎత్తులో ఉండేవారైతే మూడు నిమిషాలు. చిన్న సీసాలు కొనండి, సీల్ తీసిన తేదీ సీసా మీద రాయండి. ట్యాంక్‌ని, కుషన్‌ని చివరిసారి తొలిపేందుకు కూడా మరిగించి చల్లార్చిన నీళ్లే మంచివి.

ఇదే సందర్భంలో ఇంకో మాట. సీప్యాప్ వాడేవారికి ముక్కు పొడిబారి, చాలామంది ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కుంటుంటారు. ట్యాంక్ నీళ్ల గురించి నన్ను పది ప్రశ్నలు అడిగిన ఒకావిడ, ముక్కులోకి నేరుగా కుళాయి నీళ్లు పోసుకుంటున్నానని మాటల మధ్యలో చెప్పారు. ట్యాంక్ నీళ్లకన్నా అదే పెద్ద ప్రమాదం. కుళాయి నీళ్లలో ఉండే కొన్ని అమీబాలు ముక్కు గుండా మెదడు దాకా చేరగలవు. ముక్కులోకి పోసే ప్రతి చుక్కా స్టెరైల్ గానీ, డిస్టిల్డ్ గానీ, మరిగించి చల్లార్చినది గానీ అయ్యుండాలి.

అపోహ: ఓజోన్ పెట్టె, యూవీ (అతినీలలోహిత కాంతి) పెట్టె ఉంటే చేత్తో కడగనక్కర్లేదు.

వాస్తవం: పెద్దాయన ఇంట్లోవాళ్లు ప్రేమతో కొనిచ్చిన పెట్టె అది, ఖరీదైనది కూడా. అందుకే చెప్పడానికి నాకు మనసొప్పలేదు, కానీ చెప్పక తప్పలేదు. క్రిములను చంపడానికి కావలసినంత ఓజోన్, మనిషి పీల్చడానికి సురక్షితమైన మోతాదుకన్నా చాలా ఎక్కువ. అమెరికాలో మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ పెట్టెల గురించి 2020 ఫిబ్రవరిలో హెచ్చరిక జారీ చేసింది. దగ్గు, తలనొప్పి, ముక్కు మంట, ఆస్తమా ఎక్కువ కావడం వంటి ఫిర్యాదులు తమకు అందాయని అందులో చెప్పింది. అప్పటికి సీప్యాప్ శుభ్రత కోసం ఆ సంస్థ అనుమతి పొందిన ఓజోన్, యూవీ పరికరం ఒక్కటీ లేదు. యూవీ కాంతి ఎక్కడ పడితే అక్కడే పనిచేస్తుంది. ముడతలు ముడతలుగా ఉన్న ట్యూబ్ లోపలి భాగం దానికి నీడే. పైగా ఈ రెండూ జిగురుని గానీ, జిడ్డుని గానీ తుడిచిపెట్టవు.

మరో సంగతి. 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ తన సీప్యాప్ మెషీన్లు, అలాంటివే అయిన బైప్యాప్ మెషీన్లు చాలావాటిని వెనక్కి పిలిచింది. చప్పుడు తగ్గించడానికి లోపల పెట్టిన పాలియురెథేన్ నురుగు క్షీణించి రేణువులుగా గాలి దారిలోకి రావచ్చన్నది కారణం. ఓజోన్ లాంటి ఆమోదం లేని శుభ్రత పద్ధతులు ఆ క్షీణతను పెంచవచ్చని కంపెనీయే చెప్పింది. మీ దగ్గర పాత మెషీన్ ఉంటే దాని సీరియల్ నంబర్ ఆ జాబితాలో ఉందేమో చూపించుకోండి.

అపోహ: ఘాటుగా ఉంటేనే క్రిములు చస్తాయి.

వాస్తవం: బ్లీచ్, స్పిరిట్, క్రిమిసంహారక ద్రావణాలు సిలికాన్‌ని బీటలు వారేలా చేస్తాయి. బీటల్లోనే మళ్లీ క్రిములు చేరతాయి. మిగిలిన ఘాటు రాత్రంతా మీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తెల్ల వినెగర్ ఒక వంతుకు నీళ్లు తొమ్మిది వంతులు కలిపి ట్యాంక్‌లో నానబెడితే సున్నపు పొర కరుగుతుంది, అందుకు వాడండి. వినెగర్ క్రిములన్నిటినీ చంపేస్తుందని మాత్రం నమ్మొద్దు. జలుబుగా ఉందని సువాసన తైలాలు, బామ్‌లు ట్యాంక్‌లో వేయడం ఎవరూ చేయకూడదు, మీరు అసలే చేయకూడదు.

అపోహ: ఫిల్టర్ ఉంది కదా, గాలిలో క్రిములు అక్కడే ఆగిపోతాయి.

వాస్తవం: మెషీన్‌తో వచ్చే మామూలు ఫిల్టర్ దుమ్ముని, పుప్పొడిని ఆపడానికి పెట్టింది. బ్యాక్టీరియాని, వైరస్‌ని ఆపుతుందని దాన్నుంచి ఆశించకూడదు. వాడి పారేసే తెల్ల ఫిల్టర్‌ని కడిగి మళ్లీ పెట్టేవారున్నారు, కడిగితే దాని పొర చెదిరిపోతుంది. కడగదగిన నురుగు ఫిల్టర్ అయితే పూర్తిగా ఆరాకే పెట్టాలి. తడి నురుగులో బూజు పట్టడానికి ఎక్కువ రోజులు అక్కర్లేదు.

మెషీన్‌కీ ట్యూబ్‌కీ మధ్య పెట్టే బ్యాక్టీరియా-వైరస్ ఫిల్టర్లు వేరే ఉన్నాయి. కొందరికి అవి నిజంగా అవసరం. కానీ హ్యూమిడిఫయర్ తర్వాత పెడితే తడిసి గాలికి అడ్డుపడతాయి, మీకు రాసిచ్చిన ప్రెషర్ మాస్క్ దాకా చేరకపోవచ్చు. సొంతంగా కొని తగిలించకండి, మీ డాక్టర్‌నో థెరపిస్ట్‌నో అడిగి, ప్రెషర్ చూపించుకుని పెట్టుకోండి.

ఫిల్టర్‌కన్నా ముందు చూసుకోవాల్సింది మెషీన్ ఉన్న చోటు. గదిలో ఉన్న గాలినే అది లాగుతుంది. చెమ్మ పట్టిన గోడ పక్కన, నేల మీద, మట్టి కుండీల దగ్గర పెట్టకండి. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు రేణువులు చెమ్మ గోడల్లో, మట్టిలో, పాత గోడలు పగలగొట్టినప్పుడు లేచే దుమ్ములో ఉంటాయి. మనలో చాలామంది వాటిని రోజూ పీలుస్తూనే ఉంటాం, ఏమీ కాదు. తెల్ల రక్తకణాలు పడిపోయినవారికి మాత్రం అవి ఊపిరితిత్తుల్లో పాతుకుపోగలవు. ఇంట్లో మరమ్మతులు జరుగుతుంటే, అవి అయ్యేదాకా మీరూ మీ మెషీనూ వేరే చోట పడుకోవడం మంచిది.

అపోహ: ఇంత ప్రమాదం ఉంటే కొన్నాళ్లు మెషీన్ మానేయడమే మేలు.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టేది ఇదే. కీమో మొదలైన ఒకావిడ, ఇన్ఫెక్షన్ వస్తుందన్న భయంతో రెండు నెలలు మెషీన్‌ని అటక మీద పెట్టేశారు. రాత్రిళ్లు ఆక్సిజన్ పడిపోవడం, బీపీ పెరగడం, పగలంతా తూగడం మళ్లీ మొదలయ్యాయి. చికిత్స తట్టుకోవాల్సిన శరీరానికి నిద్ర కూడా లేకుండా పోయింది. స్లీప్ ఆప్నియా ఉన్నవారికి మెషీన్ ఆపడం వల్ల జరిగే హాని ఖాయం. శుభ్రంగా ఉంచుకున్న మెషీన్ వల్ల ఇన్ఫెక్షన్ రావడం అరుదు. శుభ్రత కష్టంగా ఉన్న రోజుల్లో, నీళ్లు లేకుండా, హ్యూమిడిఫయర్ ఆపి మెషీన్ వాడుకోవచ్చా అని డాక్టర్‌ని అడగండి. ముక్కు కాస్త పొడిబారుతుంది గానీ చాలామంది వాడగలరు. చేతులు వణికి మీరు కడగలేకపోతే ఇంట్లోవాళ్లకి అప్పగించండి, అందులో మొహమాటం వద్దు.

జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ చేరినా, కొత్తగా దగ్గు, ఆయాసం మొదలైనా, తెల్లారేదాకా ఆగకుండా మీ చికిత్స బృందానికి ఫోన్ చేయండి. సీప్యాప్ వాడుతున్నామని, ఏ నీళ్లు పోస్తున్నారో కూడా చెప్పండి, ఎవరూ అడగకపోయినా సరే. నీళ్లలో ఉండే క్రిముల కోసం విడిగా పరీక్షలు చేయాలి, మామూలు పరీక్షల్లో అవి తేలకపోవచ్చు.

పెద్దాయన విషయానికొస్తే, ఆ ట్యాంక్‌ని పడేయించాను, కొత్తవి రెండు తెప్పించుకోమన్నాను. ఒకటి రాత్రి వాడతారు, ఆ రోజంతా రెండోది ఆరుతుంది. పోయిన నెల చెకప్‌కి వచ్చినప్పుడు ఆయనే మూత తీసి, వేలితో సీలు కింద రాసి చూపించారు. వేలు పొడిగా ఉంది.