కుందేలుకు ఇంట్లో చోటు

చిరంజీవులకు ఆశీస్సులు.

మీ ఇంటికి కుందేళ్ల జంట రాబోతోందనీ, వాటికోసం ఒక పంజరం చూసి పెట్టారనీ తెలిసి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ పంజరం కొనకండి. అలాంటి వాటిలో చాలావరకు కుందేలు ఒక్క గంతు వేసేసరికి ఎదుటి గోడ తగులుతుంది. ఆగకుండా మూడు గంతులైనా వేయడానికీ, ఒళ్లంతా చాచి పడుకోవడానికీ, వెనక కాళ్లపై నిలబడితే చెవులు పైకప్పుకు తగలకుండా ఉండడానికీ దానికి చోటు కావాలి. బ్రిటన్‌లోని కుందేళ్ల సంక్షేమ సంస్థ ఒక జంటకు 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటరు ఎత్తు గల చోటు ఎప్పుడూ అందుబాటులో ఉండాలని చెబుతోంది. గదిలో ఒక మూలను మీటరు ఎత్తు కంచెతో వేరుచేస్తే ఇది సాధ్యమే.

నేల విషయంలో చాలామంది పొరపడతారు. కుక్కకూ పిల్లికీ అరికాళ్ల కింద ఉండే మెత్తటి కండ కుందేలుకు ఉండదు, దట్టమైన బొచ్చు మాత్రమే ఉంటుంది. తీగల అల్లిక మీద నిలబడీ నిలబడీ ఆ బొచ్చు అరిగిపోతే చర్మం ఎర్రబడి పుండ్లు పడతాయి. నున్నటి పలకల మీదైతే కాళ్లు జారి, పరుగెత్తడానికే జంకుతుంది. అందువల్ల కంచె లోపలంతా చాప గానీ తివాచీ గానీ పరచండి. కుందేలు దాన్ని కొరికి మింగుతుంటే మాత్రం వెంటనే మార్చేయండి.

కుందేలు ఇతర జంతువులకు ఆహారమయ్యే ప్రాణి కనుక, దాక్కునే చోటు లేకపోతే ఎంత పెద్ద గదిలోనైనా భయంతోనే బతుకుతుంది. ఒక అట్టపెట్టెకు రెండు వైపులా దారులు కోసి పెట్టండి, ఎందుకంటే ఒక్క దారే ఉంటే లోపల చిక్కుకుపోతాననే బెదురు దానికి తప్పదు.

మలమూత్రాల పళ్లేన్ని అది తానుగా ఎంచుకున్న మూలలోనే ఉంచి, కాగితపు గుళికలు పరచి, పక్కనే చేతికందినంత ఎండుగడ్డి కుప్పగా వేయండి. అది పళ్లెంలో కూర్చుని, పరకను ఒక కొసన పట్టి, దవడను పక్కలకు ఆడిస్తూ లోపలికి లాక్కుంటూ ఉంటుంది. తింటూనే విసర్జించడం దాని అలవాటు, ఆ అలవాటే మీకు సాయపడుతుంది. జీవితాంతం పెరిగే దాని పళ్లు అరగడానికి కూడా ఈ గడ్డే ఆధారం. దేవదారు, పైన్ రంపపుపొట్టు, తడిస్తే గడ్డకట్టే మట్టి వాడకండి. పళ్లేన్ని రోజూ శుభ్రం చేయకపోతే మూత్రపు ఘాటు మనకంటే ముందు దాని ఊపిరితిత్తులనే బాధిస్తుంది. నీళ్లు బరువైన గిన్నెలో పెట్టండి, సీసా గొట్టంకన్నా అందులోనే సులువుగా తాగుతుంది.

కుందేలు కొరకకుండా కరెంటు తీగలను గట్టి గొట్టాలలో దూర్చండి లేదా అందనంత ఎత్తున కట్టండి. ఇందులో రేపటికి వాయిదా వద్దు. కుందేలుకు చెమట పోయదు, వేడి ఎక్కువగా చెవుల గుండానే బయటికి పోతుంది. అందుకే కంచెను ఎండ పడే కిటికీకీ, వంటింటి సెగకూ దూరంగా, గాలి ఆడే చోట పెట్టాలి. తెల్లవారుజామునా సందెవేళా చురుగ్గా తిరుగుతుంది కనుక, ఆ చప్పుడుకు నిద్ర చెడేవారి గదిలో మాత్రం పెట్టకండి.

గది కొలతలూ, తలుపూ కిటికీలూ ఎటున్నాయో గీసి పంపితే, కంచె ఎటు నిలపాలో గుర్తుపెట్టి తిరిగి పంపుతాను.

ఇట్లు,
మీ తాతయ్య